రక్తంలోకి దిగిన ఎముక

జులై 8, 2024, సోమవారం

భీమిలి అవతలి పల్లె నుంచి మధ్యాహ్నం ఒకామెను స్ట్రెచర్ మీద తెచ్చారు. అరవై దాటి ఉంటాయి. అంగిలి క్యాన్సర్. కిందటేడు రేడియేషన్ పూర్తయింది, ఇప్పుడు మెడలో గడ్డలు మళ్లీ లేచాయి. పెళ్లికి ముందు నుంచీ అడ్డపొగ అలవాటట. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకు తరాలుగా వస్తున్నదే. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా నోళ్లు తెరిపించి చూశారు. అర్ధశతాబ్దం గడిచినా వార్డులో ఆ అంగిళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

వెంట పెద్దకొడుకు వచ్చాడు. వారంగా తిండి లేదు, వాంతులు. విరేచనం కాలేదు. నీళ్లు మాత్రం అడిగి అడిగి తాగిందట, రాత్రంతా మూత్రానికి లేచేదట. మూడు రోజుల నుంచి మత్తు. "మనిషిని పోల్చుకోట్లేదు డాక్టరమ్మా. ఇంక అయిపోనట్టేనా?" అన్నాడు. ఊళ్లో చూసినవాళ్లు చివరి దశ అనేశారు. చాప, దుప్పటి కూడా తెచ్చుకున్నాడు, ఇక్కడ కూడా అదే మాట వింటానని సిద్ధపడి.

దాహం, అతిమూత్రం, మలబద్ధకం, మత్తు. ఈ నాలుగూ ఒక మనిషిలో కలిస్తే మొదట షుగర్ చూస్తాం. షుగర్ 112. క్యాన్సర్ ఉన్న మనిషి కాబట్టి ఆ వెంటనే చూడాల్సింది కాల్షియం. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది: కాల్షియం 13.4, ఆల్బుమిన్ 2.4. రక్తంలోని కాల్షియంలో సగానికి కాస్త తక్కువ ఆల్బుమిన్‌ని పట్టుకుని తిరుగుతుంది. తిండి లేక ఆల్బుమిన్ పడిపోయినవాళ్లలో కాల్షియం అంకె ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. ఆల్బుమిన్ 4 కంటే తగ్గిన ప్రతి గ్రాముకూ 0.8 కలుపుకుంటే ఈమెది 14.7. పదిన్నర లోపు ఉండాల్సింది. 14 దాటితే తీవ్రం. క్రియాటినిన్ 1.9, ఈసీజీలో క్యూటీ వ్యవధి కురచబడింది.

రాత్రి ఎనిమిదికి సెలైన్ మొదలుపెట్టాం, గంటకు 200 మిల్లీలీటర్ల చొప్పున. ఒంట్లో నీళ్లే లేవు ఆమెకు. కాల్షియం పెరిగితే కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు. నీళ్లు పోయేకొద్దీ అదే కిడ్నీ కాల్షియాన్ని బయటికి పంపలేదు. ఈ చక్రాన్ని ముందు తెంపేది సెలైనే.

జూనియర్ మూత్రం పెంచే లాసిక్స్ రాయబోతే వద్దన్నాను. మా చదువు రోజుల్లో సెలైన్ పక్కన లాసిక్స్ రాయడం ఆనవాయితీ. దానికి గట్టి ఆధారమేదీ లేదని 2008లో ఒక సమీక్ష తేల్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే అప్పుడు వాడుకోవాలి. ఎండిపోయి వచ్చిన మనిషి నుంచి ఇంకా నీళ్లు పిండకూడదు.

జులై 9, మంగళవారం

రాత్రే కాల్షియాన్ని దింపే కాల్సిటోనిన్ మొదలైంది. కిలోకు 4 యూనిట్లు, పన్నెండు గంటలకోసారి చర్మం కింద. 42 కిలోల మనిషికి సుమారు 170 యూనిట్లు. మూత్రం బాగా వస్తున్నదని చూసుకుని పొద్దున ఎముక కరగడాన్ని ఆపే జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి అరగంట పాటు ఎక్కించాం. కనీసం పదిహేను నిమిషాలు పట్టాలి. తొందరపడి ఎక్కిస్తే కిడ్నీకి దెబ్బ.

మామూలుగా ఈ మందుకు ముందు పళ్ల డాక్టరుకి చూపిస్తాం, దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంది కాబట్టి. ఈమె దవడకు రేడియేషన్ కూడా పడింది. కానీ 14.7 దగ్గర దంతవైద్యుడి కోసం ఆగలేం. మమ్మల్ని అడగకుండా పన్ను పీకించవద్దని కేస్ షీటు మీద ఎర్ర సిరాతో రాయించాను.

మందుల సంచి తెప్పించి చూశాను. అందులో కాల్షియం మాత్రలు, విటమిన్ డి పొడి, బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. మూడూ ఆపించాను. కొడుకు బిక్కమొహం వేశాడు. "ఎముకలకి బలమని నానే కొన్నానమ్మా. కాల్షియం ఎక్కువుంటే మంచిదే కదా?" అతని తప్పేమీ లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను: "రక్తంలో పెరిగిన ఈ కాల్షియం నువ్విచ్చిన మాత్రల నుంచి వచ్చింది కాదు నాయనా. అమ్మ ఎముకల్లోంచి వచ్చింది. ఇంటి దూలం పీకి పొయ్యిలో పెట్టినట్టు జరుగుతోంది లోపల." అతనికి అర్థమైంది. పాలు మానిపించాలా అన్నాడు. అక్కర్లేదు. ఎముక నుంచి పెరిగే ఈ రకంలో పేగు కాల్షియాన్ని ఎలాగూ పెద్దగా పీల్చుకోదు. తాగగలిగితే తాగనిమ్మన్నాను.

దూలం పీకుతున్నది ఎవరన్నది అతనికి చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటాను, నాకు ఎంతో ఇష్టమైన కథ కాబట్టి. 1941లో బోస్టన్‌లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ ముందుకు కిడ్నీ క్యాన్సర్ ఎముకకు పాకిన రోగి ఒకరు వచ్చారు. కాల్షియం ఎక్కువగా ఉంది. ఎముక కరగడమే కారణమైతే ఫాస్ఫేటూ పెరగాలి, కానీ అది తక్కువగా ఉంది. అంటే కణితే పారాథైరాయిడ్ హార్మోన్ లాంటిదేదో వదులుతోందని ఆయన ఊహించారు. ఆ పదార్థం చేతికి చిక్కడానికి 1987 దాకా పట్టింది. మెల్‌బోర్న్‌లో జాన్ మార్టిన్ బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల నుంచి దాన్ని వేరుచేసింది. పీటీహెచ్‌ఆర్‌పీ అని పేరు. తర్వాత తెలిసింది, అది క్యాన్సర్ కొత్తగా పుట్టించినది కాదని. కడుపులో బిడ్డకు మాయ గుండా కాల్షియం చేరడానికీ, పాలిచ్చే తల్లి ఎముక నుంచి పాలలోకి కాల్షియం రావడానికీ ఒంట్లో ఎప్పటి నుంచో ఉన్నదే. నోరు, గొంతు, ఊపిరితిత్తుల పొలుసు కణాల క్యాన్సర్లు దాన్నే పట్టపగ్గాల్లేకుండా వదులుతాయి. క్యాన్సర్ వల్ల కాల్షియం పెరిగేవాళ్లలో దాదాపు ఎనభై శాతం మందిది ఈ దారే. ఈమె ఫాస్ఫరస్ 2.1. ఆల్‌బ్రైట్ రోగిలాగే.

జులై 10, బుధవారం

రాత్రి 101 జ్వరం. కొడుకు కంగారుపడ్డాడు. జోలెడ్రోనిక్ యాసిడ్ మొదటిసారి ఎక్కినప్పుడు ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావడం మామూలే. అయినా కల్చర్ పంపించి పారాసిటమాల్ ఇచ్చాం. పొద్దుటికి తగ్గింది.

లెక్కగట్టిన కాల్షియం 13.1. ఇది సెలైన్, కాల్సిటోనిన్‌ల పని. జోలెడ్రోనిక్ యాసిడ్ రెండు నుంచి నాలుగు రోజులకు గాని ఊపందుకోదు. కాల్సిటోనిన్ నాలుగైదు గంటల్లోనే పట్టుకుంటుంది. ఆ మందుతో దిగేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, రెండు రోజులు తిరిగేసరికి ఒళ్లు దానికి అలవాటుపడి స్పందించడం మానేస్తుంది. నాలుగో రోజు కూడా కాల్సిటోనిన్ రాసి ఉన్న షీట్లు చూస్తుంటాను. ఖరీదైన మందు, ఫ్రిజ్‌లో దాచుకునే మందు. అప్పటికి అది చేసేదేమీ ఉండదు. రేపటి నుంచి ఆపమని నేనే రాశాను.

మనం వాడేది సాల్మన్ చేప హార్మోన్. 1960ల మొదట్లో వాంకూవర్‌లో హెరాల్డ్ కాప్ ఈ హార్మోన్‌ని కనిపెట్టారు. మనిషి సొంత కాల్సిటోనిన్ కంటే సాల్మన్‌ది బలంగా పనిచేస్తుంది. ఇప్పుడు కృత్రిమంగానే తయారుచేస్తారు. కొడుకుతో చెబితే, ఆ చేప మన సముద్రంలో పడదు కదమ్మా అన్నాడు. ఎలా ఉంటుందో ఫోనులో చూపించమన్నాడు. రాత్రిళ్లు కునుకులేని మనిషి ఒక్క నిమిషం వేటకెళ్లే మనిషిలా మాట్లాడాడు.

జులై 11, గురువారం

డ్యూటీ లేదు. జోలెడ్రోనిక్ యాసిడ్ వంశవృక్షం మళ్లీ చదివాను. దావోస్‌లో హెర్బర్ట్ ఫ్లైష్ పైరోఫాస్ఫేట్ మీద పనిచేస్తున్నారు. కాల్షియం స్ఫటికాలు గట్టిపడకుండా ఆపే గుణం దానికుంది. ఒంట్లోకి ఇస్తే మాత్రం క్షణాల్లో విరిగిపోతుంది. విరగని చుట్టాల కోసం వెతికారు. నీళ్ల పైపుల్లో, బట్టల సబ్బు పొడుల్లో సున్నపు గార కట్టకుండా పరిశ్రమలు వాడుతున్న బిస్‌ఫాస్ఫోనేట్లు దొరికాయి. 1969లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అవి వెళ్లి ఎముక మీద అతుక్కుంటాయి. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టు కణం ఎముకతోపాటు మందునూ మింగుతుంది. కణం బతకడానికి కావలసిన ఒక ఎంజైమును జోలెడ్రోనిక్ యాసిడ్ లోపల మూసేస్తుంది.

అంతకుముందు రోగులకు ఇచ్చినవి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. 1960ల్లో నరంలోకి ఫాస్ఫేట్ ఎక్కించేవారు. కాల్షియం దిగేది, దిగి కిడ్నీలో గుండెలో గడ్డకట్టేది. ఆ తర్వాత మిత్రామైసిన్ వచ్చింది, ప్లేట్‌లెట్లనీ కాలేయాన్నీ దెబ్బతీసేది. గాలియం నైట్రేట్ అయితే ఐదు రోజులు ఆగకుండా ఎక్కించాలి. రెండూ ఇప్పుడు మార్కెట్లో లేవు. మనం అరగంటలో ఎక్కించి మరో మంచానికి వెళ్లిపోతున్న మందు వెనక ఇంతమంది రోగుల బాధ ఉంది.

జులై 13, శనివారం

లేచింది.

పొద్దున రౌండ్‌కి వెళ్లేసరికి దిండుకు ఆనుకుని కూర్చుంది. కొడుకుని తిడుతోంది. "నన్నెక్కడికి తెచ్చేసినావురా? వల ఎవలు సూస్తన్నారు?" అని. అతను ఏడుస్తూ నవ్వుతున్నాడు. నన్ను చూసి "నువ్వేనా తల్లీ సూదులేసింది?" అంది. గొంతు బొంగురు, మాట తడబడుతున్నా మనిషి మాత్రం పూర్తిగా తిరిగొచ్చింది. కాల్షియం 11.2, క్రియాటినిన్ 1.3. నిన్న రాత్రి విరేచనం కూడా అయింది. వార్డులో దానికీ సంతోషిస్తాం.

మత్తులో ఉన్న క్యాన్సర్ రోగిని చూడగానే "చివరి దశ" అని రాసేముందు ఒక్క కాల్షియం, ఒక్క ఆల్బుమిన్ చూడమని ఎన్ని క్లాసుల్లో చెప్పినా తనివి తీరదు నాకు. మెదడుకు పాకిందని స్కాన్‌కి పంపేవాళ్లున్నారు. మార్ఫిన్ ఎక్కువైందని నొప్పి మందు తగ్గించేవాళ్లున్నారు. ఆ రెండూ నిజం కావచ్చు. కాల్షియం పెరగడం మాత్రం చవకైన పరీక్షతో తేలేది, మందుకు లొంగేది. జిల్లా ఆసుపత్రిలో కూడా సెలైన్ ఉంటుంది. జోలెడ్రోనిక్ యాసిడ్ జనరిక్ దొరుకుతుంది. ఈమెను ఆ చాప మీదే ఇంటికి పంపేసి ఉంటే, కొడుకు ఈ తిట్లు వినేవాడు కాదు.

జులై 15, సోమవారం

కాల్షియం 10.3. ఈ రోజు కష్టమైన మాట చెప్పాల్సి వచ్చింది. తల్లి కోలుకుందంటే జబ్బు తగ్గుతోందని కొడుకు అనుకుంటున్నాడు. అనుకోడా మరి! నిద్రలేచి తిట్టిన తల్లి కళ్లముందు ఉంటే.

దిగింది కాల్షియమే, కణితి దిగలేదు. మెడలో గడ్డలు అలాగే ఉన్నాయి, ఆ పదార్థాన్ని వదులుతూనే ఉన్నాయి. జోలెడ్రోనిక్ యాసిడ్‌నీ, అదే కుటుంబపు మందు పామిడ్రోనేట్‌నీ పోల్చిన రెండు అధ్యయనాల ఫలితాలు కలిపి 2001లో అచ్చువేశారు. పదో రోజుకల్లా కాల్షియం మామూలుకు వచ్చినవాళ్లు జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములతో 88 శాతం, పామిడ్రోనేట్ 90 మిల్లీగ్రాములతో 70 శాతం. ఆ మామూలు స్థాయి నిలిచిన కాలం మధ్యస్థంగా 32 రోజులు, 18 రోజులు. కణితికి మందు పనిచేస్తే ఆ గడువు సాగుతుంది. కీమో, రేడియేషన్ అయిపోయి, శరీరం ఇంకోటి ఓర్చుకునే స్థితిలో లేకపోతే, మనం ఇవ్వగలిగింది ఆ నెల.

తల్లికే చెప్పాను, కొడుకు పక్కనుండగా. ఆమె అడిగింది కాబట్టి. "మాటాడగలిగే రోజులు కొన్ని వచ్చాయమ్మా. ఎన్నో చెప్పలేను. మళ్లీ మత్తు రావచ్చు." ఆమె చాలాసేపు కిటికీ వైపు చూసి, చిన్నకూతురు కాకినాడలో ఉంది, పిలిపించమంది. పడవలో తన వాటా ఎవరికన్నది కూడా తేల్చాలంది. మళ్లీ వస్తే సూదులెయ్యాలా అని అడిగింది. అప్పుడు నీ ఇష్టమే అన్నాను.

జులై 20, శనివారం

ఆషాఢ పౌర్ణమి గిరిప్రదక్షిణ. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచే జనంతో ఊరంతా రోడ్లు మూసేశారు. సిస్టర్లు ఆలస్యంగా వచ్చారు, రిలీవర్లు లేక రాత్రివాళ్లు ఉండిపోయారు. ఈ రద్దీలోనే ఆమెను ఇంటికి పంపాం. నీళ్లు బాగా తాగాలి, మంచానికే అంటుకుపోకూడదు, వారానికోసారి కాల్షియం చూపించాలి, వాంతి, మత్తు, దాహం మొదలైతే ఫోన్ చెయ్యాలి. నొప్పికి మార్ఫిన్ మాత్రలు, వాటితోపాటు విరేచనాల మందు. ఇబుప్రొఫెన్ లాంటివి కొనవద్దు, కిడ్నీ ఇంకా నిలదొక్కుకోలేదు.

జులై 22, సోమవారం

విజయనగరం నుంచి మాస్టారొకరు వచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు. నడుమునొప్పి అని నెలలుగా బామ్‌లు రాసుకున్నారు. మల్టిపుల్ మైలోమా. కాల్షియం 13.8, క్రియాటినిన్ 3.2.

ఇక్కడ కథ వేరు. మైలోమా కణాలు ఎముక మజ్జలోనే కూర్చుని పక్కనున్న ఆస్టియోక్లాస్టులను రెచ్చగొడతాయి. డెక్సామెథసోన్, బోర్టెజోమిబ్ మొదలుపెట్టగానే మూలానికే దెబ్బ తగులుతుంది. కొన్ని లింఫోమాల్లోనూ స్టెరాయిడే ముఖ్యం. అక్కడ కణితి చురుకైన విటమిన్ డి తయారుచేసి పేగుతో కాల్షియం పీల్పిస్తుంది, వాళ్లకు మాత్రం పాలు తగ్గించమని చెప్పాల్సిందే. పెరిగిన అంకె ఒకటే అయినా దారి కనుక్కోకుండా మందు రాయకూడదు.

కిడ్నీ ఇలా ఉంటే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇవ్వడానికి మనసొప్పలేదు. డెనోసుమాబ్ 120 మిల్లీగ్రాములు చర్మం కింద ఇచ్చాం. ఇది యాంటీబాడీ, కిడ్నీ ద్వారా బయటికి పోయేది కాదు. ఆస్టియోక్లాస్టులను పుట్టించే ర్యాంక్‌-లైగాండ్ అనే సంకేతాన్ని పట్టి ఆపుతుంది. బిస్‌ఫాస్ఫోనేట్‌కి లొంగని 33 మంది మీద చేసిన అధ్యయనంలో పదిరోజుల్లో 64 శాతం మందికి కాల్షియం 11.5కో, అంతకు కిందికో దిగింది. స్పందన మధ్యస్థంగా 104 రోజులు నిలిచింది. ఈ వాడకానికి 2014 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2023 నాటి ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు బిస్‌ఫాస్ఫోనేట్ కంటే డెనోసుమాబ్ వైపే మొగ్గాయి. కానీ ఆధారం బలహీనమని వాళ్లే రాశారు. ధర చూస్తే కిడ్నీ బాగున్నవాళ్లకు జోలెడ్రోనిక్ యాసిడే ముందు వాడతాను. కుటుంబం పొలం అమ్మి తెచ్చే డబ్బుకు ఇంతకంటే మంచి పని ఉంటుంది.

జులై 29, సోమవారం

మాస్టారి కాల్షియం 9.9. ఎనిమిదో రోజు రెండో డోసు ఇవ్వాలని పుస్తకంలో ఉంది. ఆపాను. కిడ్నీ చెడినవాళ్లలో ఈ మందు కాల్షియాన్ని మరీ కిందికి లాగేస్తుంది. ఆయన విటమిన్ డి కూడా 11 మాత్రమే.

ఆగస్టు 8, గురువారం

కాకినాడ కూతురి ఫోన్. రెండు రోజులుగా అమ్మకు మళ్లీ మత్తు, నీళ్లు నీళ్లు అంటోంది. నిన్న పరీక్ష చేయిస్తే కాల్షియం 13. జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించి ముప్ఫై రోజులు. "తీసుకొచ్చేమంటారా మేడమ్? అన్నయ్య తెద్దామంటున్నాడు. అమ్మేమో తెలివున్నప్పుడే చెప్పింది, మళ్లీ ఆసుపత్రి వద్దని. నాకూ అన్నయ్యకీ చెరోచెయ్యి పట్టుకుని మరీ చెప్పింది."

రెండో డోసు ఇవ్వచ్చు. వారం దాటితే మళ్లీ ఇవ్వడానికి అభ్యంతరం లేదు. రెండోసారి స్పందన మొదటిసారంత బాగా ఉండకపోవచ్చు, గడువూ తగ్గచ్చు. డెనోసుమాబ్ ఉంది. ఇవన్నీ ఫోన్‌లో విడమరిచి చెప్పాను, వద్దన్నా తప్పు కాదని కూడా చెప్పాను. ఈ మత్తులో మనిషి చాలావరకు బాధ తెలియకుండా ఉంటుంది. వాంతికి, నొప్పికి, కలవరింతకు మందులు ఇంటి దగ్గరే ఇవ్వచ్చు. మన పాలియేటివ్ సిస్టర్ రేపు వెళ్తుంది. నోరు తడిపే పద్ధతి, చర్మం కింద మార్ఫిన్ ఇచ్చే పద్ధతి నేర్పిస్తుంది.

అన్నయ్యతోనూ మాట్లాడాను. మందు ఉండి కూడా ఇవ్వకపోవడమేంటమ్మా అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మొదటిసారి మందు ఇచ్చింది ఆమె ఏం కోరుకుంటోందో మనకు తెలియాలని. ఇప్పుడు తెలుసు కదా నాయనా అన్నాను. పడవ వాటా ఎవరికిచ్చిందని అడిగాను. చెల్లికట. "నాకు కోపం లేదమ్మా" అన్నాడు. తర్వాత అరగంటకు చెల్లే మళ్లీ ఫోన్ చేసింది, ఇంట్లోనే ఉంచుతున్నామని.

ఆగస్టు 12, సోమవారం

మాస్టారు ఓపీకి వచ్చారు. వేళ్ల చివర్లు, మూతి చుట్టూ తిమ్మిర్లు. కాల్షియం 7.4. అనుకున్నట్టే జరిగింది, వారంవారం పరీక్షకు రప్పించింది ఇందుకే. క్రియాటినిన్ 1.9కి దిగింది. మైలోమా మందులు పనిచేస్తున్నాయి. కాల్షియం మాత్రలు, విటమిన్ డి, కొన్నాళ్లు కాల్సిట్రియాల్ రాశాను. ఈసీజీ తీయించాను, క్యూటీ కాస్త సాగింది. కండరాలు పట్టేస్తే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి రమ్మని ఆయన భార్యకు రెండుసార్లు చెప్పాను.

"మూడు వారాల కిందట మా ఇంట్లో కాల్షియం సీసా పారేయించారు డాక్టరమ్మా" అన్నారు మాస్టారు.

"అప్పుడు ఎముక కరిగి రక్తంలోకి వస్తోంది మాస్టారూ. ఇప్పుడు ఎముక తిరిగి పీల్చుకుంటోంది, రక్తానికి మిగలడం లేదు" అన్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి మాత్రల వేళలు చీటీ మీద రాసుకున్నారు. గురువారం మళ్లీ పరీక్ష. 8 దాటకపోతే అడ్మిషన్.